మందు మానేవాళ్ల మీటింగు ఎలా వెతకాలి, వెళ్లాక ఏం చేయాలి?

మీటింగు కంటే ముందు డాక్టరు. పొద్దున్న లేస్తూనే చేతులు వణికి, చుక్క పడితే గాని కుదుటపడని మనిషి ఉన్నట్టుండి మానేయకూడదు. ఆఖరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం మొదలైతే ప్రాణం మీదకు వచ్చినట్టే. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే అదే దిగిపోతుందన్న మాట వినొద్దు. శ్రీకాకుళమైనా విజయనగరమైనా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యుడికి చూపించండి. ఏం చేయాలో పాలుపోకపోతే 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక వెతకడం. మనకు కావాల్సింది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో మొదలైంది. ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఏఏ ఇండియా వెబ్‌సైట్లో హెల్ప్‌లైన్ ఉంటుంది. అక్కడి మీటింగుల జాబితాలో అడ్రసు చూసి నేరుగా బయల్దేరకండి. మీటింగులు చర్చి హాల్లోనో బడి గదిలోనో, ఎవరు చోటిస్తే అక్కడ జరుగుతాయి. చోటూ వేళా మారుతుంటాయి. ముందు ఫోన్ చేసి ఏ రోజు, ఎన్నింటికి, తెలుగులోనేనా, పక్కన గుర్తేమిటి, ఓపెనా క్లోజ్డా అని అడగండి. ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. మొదటిసారి క్లోజ్డ్‌కే వెళ్లాలి. భార్య పక్కన కూర్చుంటే ఏ మగాడూ పూర్తి నిజం చెప్పడు. ఆవిడ లాంటి ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది.

దగ్గర్లో మీటింగు లేకపోతే విశాఖ వెళ్లండి. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం వైపు వాళ్లు ఆమదాలవలసలో రైలెక్కవచ్చు. 'తెలిసినవాళ్లు చూస్తే?' అన్న భయం ఉన్నవాళ్లకూ అదే మంచిది. నిజానికి ఆ గదిలో కనిపించిన మీ ఊరాయన కూడా అందుకే వచ్చాడు, అక్కడి మాట బయట చెప్పకూడదన్నది ఏఏ పద్ధతి. ఫోన్లో వీడియో మీటింగులున్నాయి గానీ అవి మధ్యమధ్య పనికొస్తాయి, మొదటిది ఎదురెదురుగానే కూర్చోవాలి.

వెళ్లే రోజు ఏదైనా తిని వెళ్లండి, ఆకలి మీద మందు గుర్తొస్తుంది. బండి వద్దు, బస్సెక్కండి. పావుగంట ముందు చేరి ముందు వరసలో కూర్చోండి. మీటింగు గంట, గంటన్నర. ఒక్కొక్కరూ తమ సంగతి చెబుతారు, మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. మీ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి 'ఈరోజు వింటాను' అన్నా చాలు. చందా బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు.

అందరూ చెడగొట్టుకునేది మీటింగు అయ్యాకే. చివరి ప్రార్థన అవ్వగానే చెప్పులేసుకుని కాంప్లెక్స్‌కి పరిగెత్తుతారు. అలా వెళ్లొద్దు. ఇంకో పావుగంట ఉండి, కనీసం మూడు ఫోన్ నంబర్లు తీసుకోవాలి. మగవాళ్లు మగవాళ్లవి, ఆడవాళ్లు ఆడవాళ్లవి. ఒక్క నంబరు ఎందుకు చాలదంటే, సాయంత్రం ఆరింటికి వైన్ షాపు ముందు నిలబడి చేసినప్పుడు ఆయన డ్యూటీలో ఉండి ఎత్తకపోవచ్చు. 'ఎవరూ ఎత్తలేదు' అన్న సాకుతోనే క్వార్టర్ కొనేస్తారు.

నంబరు ఉన్నా అవసరమైన వేళ వేలు కదలదు, సిగ్గేస్తుంది. అందుకే ఏ ఇబ్బందీ లేనప్పుడే అలవాటు చేసుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం భోంచేశాక, 'అన్నా, నిన్న మీటింగులో కలిశాను, బానే ఉన్నాను, ఊరికే చేశాను' అనండి. రెండు నిమిషాల మాట. ఇలా వారం చేస్తే అసలు కష్టం వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే ఫోను మీదకు పోతుంది. చేయాల్సింది మొదటి గుక్కకు ముందు, తాగాక కాదు. నిలబడి మాట్లాడకుండా షాపుకు దూరంగా నడుస్తూ మాట్లాడండి. ఆ యావ మామూలుగా అరగంటలో తగ్గిపోతుంది, ఆ అరగంట అవతల ఒక గొంతు ఉండాలి.

అయ్యప్ప మాలలో 41 రోజులు ముట్టనివాడు మాల తీసిన రాత్రే ఎందుకు తాగుతాడు? మండలం పాటు చుట్టూ స్వాములున్నారు, పొద్దున్నే లేపేవాళ్లున్నారు, మర్నాటికి ఎవరూ లేరు. అరసవల్లిలో ఒట్టు పెట్టించినా అంతే. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రను అన్నంలో తెలియకుండా కలపడం మాత్రం అసలు చేయొద్దు. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. డాక్టరు రాసి, మనిషి తెలిసి వేసుకోవాల్సిన మందు అది.

వారానికి ఒక్క మీటింగే దొరికేచోట మిగతా ఆరు రోజులూ ఫోన్లతో నింపండి. నాలుగైదు మీటింగులయ్యాక, కనీసం ఏడాదిగా ముట్టనివాళ్లలో ఒకరిని స్పాన్సరుగా, అంటే మీ వెంట ఉండి దారి చూపే మనిషిగా, ఉండమని అడగండి. పైడితల్లమ్మ సిరిమాను వారం, సంక్రాంతి, పెళ్లిళ్లు ముందే తెలిసినవే. ఆ రోజుల్లో ఎన్నింటికి ఫోన్ చేసేదీ ఆయనతో ముందే అనుకోండి. మధ్యలో తాగేసినా తర్వాతి మీటింగు మానొద్దు. వెళ్లి, తాగానని చెప్పి, కూర్చోండి.