పద్యం ఏ వృత్తమో మొదటి మూడక్షరాల్లోనే

పద్యపాదమంతా గణవిభజన (అక్షరాల్ని మూడేసి చొప్పున గణాలుగా విడగొట్టడం) చేస్తేగానీ అది ఏ వృత్తమో, అంటే ఏ రకం పద్యమో మా అమ్మాయికి తేలేది కాదు. పదో తరగతి పరీక్షలో అంత టైమ్ ఎక్కడుంటుంది? ఇప్పుడు మొదటి మూడక్షరాలకే గురులఘువులు పెడుతోంది (దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్నది గురువు; మామూలు పొట్టి అక్షరం లఘువు).

రెండే గుర్తుంచుకోండి, పేర్లలోనే ఉన్నాయి. 'ఉత్పల' అంటే గురువు, లఘువు, లఘువు: ఉత్పలమాల. 'శార్దూలం' అంటే మూడూ గురువులే: శార్దూలం. ఈ రెంటిలో మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే మిగతా రెండూ వస్తాయి. ఉత్పలమాల (పాదానికి 20 అక్షరాలు, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు, 10వ అక్షరం) చంపకమాల (21, యతి 11) అవుతుంది. శార్దూలం (19, యతి 13) మత్తేభం (20, యతి 14) అవుతుంది. యతిస్థానాలు విడిగా బట్టీ పట్టక్కర్లేదు, అదే నాకు బాగా నచ్చింది.

పోతన గారి 'అల వైకుంఠపురంబులో' చూడండి: అ, ల లఘువులు, వై గురువు. మత్తేభం. 'ఎవ్వనిచే'లో వ్వ ముందున్న ఎ గురువు, వ్వ, ని లఘువులు. ఉత్పలమాల.

ఒక్క జాగ్రత్త: వృత్తాలు కాని కందం, ఆటవెలది, తేటగీతులకు ఇది పనికిరాదు. తరళం అనే వృత్తం కూడా చంపకమాలలాగే మూడు లఘువులతో మొదలవుతుంది, కానీ దానికి 19 అక్షరాలే. అందుకని పాదంలో అక్షరాలు ఒకసారి లెక్కపెట్టాకే జవాబు రాయమనండి.