పూలమొక్కలకు వేరుకుళ్లు – 4వ పాఠం: ముందు ఆ గులకరాళ్లు తీసేయండి

పోయిన పాఠంలో "నీళ్లు తగ్గించండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను, తప్పు నాదే. రోజూ చెంబుడు పోసేవాళ్లు చాలామంది అరచెంబుకు దిగారు, కానీ పోయడం మాత్రం రోజూనే. వేర్లు చెడిన మొక్క నీళ్లు తాగడం దాదాపు మానేస్తుంది, కాబట్టి అడుగున పాత తడి అలాగే ఉంటుంది, పైనుంచి మీ అరచెంబు చేరుతూనే ఉంటుంది. నేను తగ్గించమన్నది ఎన్నిసార్లు పోస్తున్నారన్నది, ఎంత పోస్తున్నారన్నది కాదు. పోసిన రోజు కింద రంధ్రంలోంచి కారేదాకా పోయండి. ఆ తర్వాత చూపుడు వేలు రెండో కణుపు దాకా దించితే పొడిగా తగిలేవరకు కుండీ జోలికి వెళ్లొద్దు.

రెండో గొడవ కత్తెరది. "గోధుమ రంగు వేర్లు కోసేయండి" అన్నానని గులాబీకి ఉన్న ముదురు వేర్లన్నీ కోసేసినవాళ్లున్నారు. గులాబీ, మందారం లాంటి వాటికి ముదిరిన వేరు గోధుమ రంగులోనే ఉంటుంది, అది జబ్బు కాదు. రంగు చూసి కాదు, నొక్కి చూసి కోయండి. మొన్న వాడిపోయిన ఒక చామంతిని పీకి, సన్నటి వేరొకటి రెండు గోళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాను. పైతోలు మేజోడు ఊడినట్టు ఊడి చేతికొచ్చింది, లోపల దారంలాంటి నరం మాత్రం మిగిలింది. వేర్లను కుళ్లించే పిథియం అనే నీటి బూజు పట్టిన వేరు ఇలాగే ఊడుతుంది. నొక్కితే గట్టిగా ఉండి, గోరుతో గీస్తే లోపల తెల్లగా కనిపించే వేరును వదిలేయండి.

కోశాక మొక్కను పెద్ద కుండీలోకి మార్చి, నాలుగు గుప్పెళ్లు ఎరువేసి, ఎండలో పెట్టినవాళ్లకు ఏం చెప్పను? సగం వేర్లు పోయిన మొక్కకు అంతకంటే చిన్న కుండీ కావాలి. వేరు చేరని మట్టి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, తాగేవాళ్లుండరు. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వద్దు, పది రోజులు నేరుగా ఎండ తగలనివ్వొద్దు. మొగ్గలు తుంచేయండి. మనసొప్పదని తెలుసు, నాకూ ఒప్పదు, అయినా తుంచుతాను.

ఇక నాకు ఒళ్లు మండించే విషయం, కుండీ అడుగున గులకరాళ్లు. "నీళ్లు బాగా దిగిపోతాయి" అని వేస్తారు, నాలుగేళ్లు నేనూ వేశాను. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. సన్నటి మట్టిలో ఉన్న నీరు కింద పెద్ద పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు. రాళ్లకు ఆనుకుని ఉన్న మట్టి పూర్తిగా నానాకే చుక్క కిందికి పడుతుంది. అంటే కుండీ అడుగున ఉండాల్సిన బురద పొర రాళ్ల ఎత్తున పైకి జరిగి, నేరుగా వేర్ల మధ్యకు వచ్చి కూర్చుంటుంది. నమ్మకపోతే గిన్నెలు తోమే దీర్ఘచతురస్రం స్పాంజి ఒకటి నీళ్లలో ముంచి, వెడల్పు వైపు కిందికి పెట్టి అరచేతిలో పట్టుకోండి. కారడం ఆగేదాకా చూడండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, నీళ్లూ అవే, ఎత్తు పెరిగిందంతే. మట్టి ఎత్తు ఎంత ఎక్కువైతే అందులో తడి నిలిచే వాటా అంత తక్కువ. రాళ్లు వేసిన ప్రతిసారీ మీరు ఆ ఎత్తును తగ్గిస్తున్నారు. రంధ్రంలోంచి మట్టి జారిపోతుందని భయమా? దోమతెర ముక్క ఒకటి పరిచేయండి, చాలు.

గుల్లదనం కావాలంటే మట్టి మొత్తంలో కలపాలి, అడుగున కాదు. సన్నటి ఇసుక కలిపితే ఉన్న ఖాళీలు కూడా పూడిపోతాయి. నేను పెర్లైట్ (మట్టిని గుల్లచేసే తేలికపాటి తెల్ల గుళికలు) కొనను, పాత ఇటుకలు శనగగింజంత ముక్కలు కొట్టి, జల్లెడ పట్టి దుమ్ము పారబోసి, మట్టి, కంపోస్టుతో సమానంగా కలుపుతాను. ఇంత గోల ఎందుకంటే వేరుకు ఊపిరి కావాలి. ఆక్సిజన్ నీళ్లలో పాకే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోవడానికి కారణం అదే, దాహమేసిందనుకుని ఇంకో చెంబు పోస్తే మిగిలిన వేర్లకూ ఊపిరాడదు.

మందు గురించి రెండే మాటలు. పిథియం, ఫైటోఫ్తోరా అసలు శిలీంధ్రాలు కావు, తడిలో ఈదే బీజాలున్న నీటి బూజులు. శిలీంధ్రాలను చంపడానికి అందరూ వాడే కార్బెండజిమ్ వాటి మీద పనిచేయదు, వాటికి మెటలాక్సిల్ లాంటిది కావాలి. వేర్లను కుళ్లించే శిలీంధ్రాలు రైజోక్టోనియా, ఫ్యుజేరియం అయితే కార్బెండజిమ్‌కు లొంగుతాయి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే. వేర్లకు మేలు చేసే ట్రైకోడెర్మా వేసిన కుండీలో కార్బెండజిమ్ పోయకండి, ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, చచ్చిపోతుంది. మట్టి బాగుపడకుండా ఏ మందు పోసినా దండగే.

నేలలో నాటినవాళ్లు మడిని అరడుగు ఎత్తు లేపుకోండి, మిగతాదంతా ఇదే.

అభ్యాసం: మీ కుండీల్లో మూడు ఎంచుకుని పది రోజులు పొద్దున, సాయంత్రం చేత్తో ఎత్తి చూడండి, బరువుగా ఉందో తేలికగా ఉందో రాసుకోండి, వేలితో చూసింది పక్కన రాయండి. ఆరో రోజుకు విసుగొస్తుంది, ఆపకండి. పదో రోజుకు వేలు దించక్కర్లేదు, ఎత్తగానే తెలిసిపోతుంది. అడీనియం (ఎడారి గులాబీ) గురించి అడిగినవాళ్లు కాస్త ఆగండి, దాని దుంపలో కుళ్లు కథ వేరు, వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా దానికి నీళ్లు మాత్రం పోయకండి.