ఫ్రెంచి నవల చెప్పేటప్పుడు అనువాదకుల పేరూ చెప్పండి

"మంచి ఫ్రెంచి నవల ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే చాలు, గుక్కతిప్పుకోకుండా పది పేర్లు అప్పజెప్పేస్తాం. వాళ్లు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చేతికందిన కాపీ కొనుక్కుని నలభయ్యో పేజీలో వదిలేస్తారు. చాలాసార్లు తప్పు నవలది కాదు, అనువాదానిది. మనలో ఎక్కువమంది వీటిని ఇంగ్లీషులోనే చదువుతాం కాబట్టి నవల పేరొక్కటే చెబితే సగం చెప్పినట్టే.

ముందు వాళ్లు ఈమధ్య ఆపకుండా చదివిన పుస్తకమేదో కనుక్కోండి. "మీకేం ఇష్టం" అని అడిగితే అందరూ క్లాసిక్సే అంటారు, నమ్మకండి. ఆ తర్వాత ఒక్క నవలే చెప్పండి.

చదివే తీరిక తక్కువైతే కామూ 'ది స్ట్రేంజర్' (1942). మెట్రోలో రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లేవాళ్లకి వారం చాలు. ఇదే నవల 'ది అవుట్‌సైడర్' పేరుతోనూ దొరుకుతుంది. ఆ సంగతి చెప్పకపోతే రెండూ కొంటారు. మొదటి వాక్యంలో తల్లి చనిపోయిన కబురు ఉంటుంది. 1946 నాటి అనువాదంలో స్టువర్ట్ గిల్బర్ట్ అక్కడ 'మదర్' అన్నాడు, 1988లో మాథ్యూ వార్డ్ 'మమా' అనే ఫ్రెంచి మాటనే ఉంచేశాడు. 'తల్లి' అనడానికీ 'అమ్మ' అనడానికీ ఉన్న తేడా అది. గిల్బర్ట్‌లో కథానాయకుడు మొదటి మాటకే బిగుసుకుపోయినట్టుంటాడు. వార్డ్ చేతికివ్వండి. ఫ్రెంచి నేర్చుకుంటున్నవాళ్లకి మూలమే చెప్పొచ్చు: కథంతా దాదాపుగా మాట్లాడే భాషలోని భూతకాలంలోనే నడుస్తుంది.

సాహసాలు కావాలంటే ద్యూమా 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో'. పూర్తి పాఠంలో 117 అధ్యాయాలుండాలి. విషయసూచిక చివరి అంకె చూస్తే కోసేసిందో లేదో తెలిసిపోతుంది. రాబిన్ బస్ అనువాదం (1996) నమ్మదగింది. జూల్ వెర్న్ 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' దగ్గరే అసలు మోసం. చవక ప్రతుల్లో చాలావాటిలో ఉండేది 1870ల నాటి మెర్సియర్ లూయిస్ పాఠం. అందులో నవల నాలుగోవంతు దాకా ఎగిరిపోయింది, ముఖ్యంగా సైన్సు. పరీక్ష సులువు: రెండో అధ్యాయం మొదటి పేరాలో నెబ్రాస్కాని 'డిసగ్రీయబుల్ టెరిటరీ' అన్నాడేమో చూడండి. బ్యాడ్‌లాండ్స్ అనే ప్రాంతం పేరుని తెలియక మాటకి మాట మార్చేశాడు పాపం. ఆ మాట కనబడితే పుస్తకం కింద పెట్టేయండి.

విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల్' (1862) చెప్పేటప్పుడు వాటర్లూ యుద్ధం గురించి హెచ్చరించాలి. రెండో భాగం మొదట్లో 19 అధ్యాయాలు యుద్ధమే, చాలామంది అక్కడే ఆగిపోతారు. దాటేయొచ్చని చెప్పండి, పందొమ్మిదోది మాత్రం వదలొద్దని చెప్పండి. రాత్రి శవాల మధ్య జేబులు కొట్టే తెనార్దియే, కథలో తర్వాత వచ్చే యువకుడు మారియూస్ తండ్రి ఎదురుపడేది అక్కడే. అది చదవకపోతే తర్వాత మారియూస్ ఎందుకు ఇరకాటంలో పడ్డాడో అర్థం కాదు.

గోదావరిఖని, కొత్తగూడెం నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డవాళ్లకి జోలా 'జెర్మినాల్' (1885). బొగ్గుగని, కూలి కోత, సమ్మె. సింగరేణి ఇళ్లలో పెరిగినవాళ్లకి ఫుట్‌నోట్లు అక్కర్లేదు. మొదటి భాగం మూడో అధ్యాయంలో కథానాయకుడు ఎతియెన్ పంజరంలాంటి లిఫ్టులో గనిలోకి దిగుతాడు. అక్కడిదాకా ఓపిక పట్టమనండి. రోజర్ పియర్సన్ అనువాదం బావుంటుంది. పాత విజెటెల్లీ ప్రతిలో బూతనిపించినవన్నీ మెత్తబడిపోయాయి.

ప్రూస్త్ 'ఇన్ సెర్చ్ ఆఫ్ లాస్ట్ టైమ్'? ఏడు సంపుటాలు. అడిగితే తప్ప చెప్పొద్దు.

అనువాదకుల పేరు ఎక్కడా లేని ప్రతిలో సాధారణంగా హక్కులు తీరిపోయిన పాత పాఠమే ఉంటుంది. టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడటం, 'అబ్రిడ్జ్‌డ్' అన్న మాట కోసం వెతకడం నేర్పండి.

చివరగా, రచయిత పేరు నోటితో చెప్పి ఊరుకోకండి. ఫ్రెంచిలో చివరి అక్షరాలు చాలావరకు పలకవు. "కామూ" అని విన్నవాళ్లు రెండు 'ఓ'లు పెట్టి వెతుకుతారు, దొరకదు. "ద్యూమా" అంటే కోఠీలో దుకాణం అతను తెల్లమొహం వేస్తాడు, "డ్యూమాస్" అంటే తీసిస్తాడు. ఇంగ్లీషు స్పెల్లింగు, అనువాదకుల పేరు ఒకే మెసేజ్‌లో పంపేయండి.