సైట్, సిచ్యుయేషన్ తికమక పెడుతున్నాయా?

మానవ భూగోళశాస్త్రం మొదలుపెట్టినవాళ్లు సైట్, సిచ్యుయేషన్ నిర్వచనాలు బట్టీ పట్టకండి, మన వరంగల్‌కు పెట్టి చూడండి. ఊరు వెలిసిన నేల, గ్రానైట్ గుట్టలు, భద్రకాళి చెరువు: ఇదంతా సైట్, అంటే ఊరున్న చోటి సొంత లక్షణాలు. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు పక్కనే ఉన్న కాజీపేటలో కలవడం వల్ల వచ్చిన ప్రాధాన్యం సిచ్యుయేషన్, అంటే మిగతా ఊళ్లతో పోల్చి చూసిన స్థానం. రైలు మార్గాలు మారితే ఆ ప్రాధాన్యం మారిపోవచ్చు, గుట్ట మాత్రం కదలదు. పరీక్షలో ఈ ముక్క తప్పకుండా రాయండి.

ఇంకొకటి, రీజియన్లు (ప్రాంతాలు) రెండు రకాలు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో ఆ ప్రాంతమంతా కలిపి ఫంక్షనల్ రీజియన్, అంటే ఒక కేంద్రంతో ముడిపడిన ప్రాంతం. జిల్లా సరిహద్దుతో దానికి పనిలేదు, మహబూబాబాద్ వైపు రైతు కూడా అందులోకే వస్తాడు. అదే నల్లరేగడి ఉన్న ఊళ్లన్నీ కలిపి గీస్తే ఫార్మల్ రీజియన్, అంటే ఒకే లక్షణం ఉన్న ప్రాంతం. రెండూ ఒకే మ్యాప్ మీద వేరువేరు రంగుల పెన్సిళ్లతో గీయండి, తేడా వెంటనే తెలుస్తుంది.