లేబుళ్లు మార్చే టూల్‌కు ఏఐ ఏజెంట్ కోసం వివరణ రాయడం ఎలా

బెంగళూరులోని మారతహళ్లిలో మా చిన్న బృందం అపార్ట్‌మెంట్ సంఘాల పనులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను నడుపుతోంది. లిఫ్ట్ మరమ్మతు, జనరేటర్ డీజిల్, నీటి ట్యాంకర్ వంటివన్నీ అందులో టికెట్లుగా చేరతాయి. ఒక్కో టికెట్‌కు రెండు మూడు లేబుళ్లు ఉంటాయి. ఆ లేబుళ్లను మార్చే పనిని ఏఐ ఏజెంట్‌కు, అంటే మనం చెప్పిన పనిని టూళ్లతో (అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రామ్‌లతో) తానే చేసే ఏఐకి, అప్పగించిన మొదటి వారంలోనే ఒక మేనేజర్ "బీ బ్లాక్ ట్యాంకర్ పనికి అర్జెంట్ అని పెట్టు" అని అడిగారు. ఏజెంట్ "అర్జెంట్" పెట్టింది కానీ, అప్పటికే ఉన్న "ట్యాంకర్", "బీ బ్లాక్" లేబుళ్లు రెండూ ఎగిరిపోయాయి. సరఫరాదారు తన ఫోన్‌లో "ట్యాంకర్" లేబుల్ ఉన్న టికెట్లను మాత్రమే చూస్తారు కాబట్టి, అన్నిటికంటే తొందరగా కావలసిన పనే ఆయనకు కనిపించలేదు. కోడ్ రాసినట్టే పనిచేసింది. తప్పంతా టూల్ వివరణలో నేను రాసిన ఒక్క వాక్యంలో ఉంది: "టికెట్ లేబుళ్లను అప్‌డేట్ చేస్తుంది."

2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఏఐని బయటి టూళ్లతో కలిపే ప్రమాణం) పద్ధతిలో గానీ, దానికి దగ్గరగా ఉన్న ఇతర పద్ధతుల్లో గానీ, ఏజెంట్‌కు టూల్ గురించి అందేది ప్రధానంగా మూడే: పేరు, వివరణ, ఇవ్వవలసిన విలువలను చెప్పే జేసన్ స్కీమా. మనిషి అయితే సందేహం వచ్చినప్పుడు పక్క సీటులోని వారిని అడుగుతాడు, టెస్ట్ ఖాతాలో ఒకసారి ప్రయత్నించి చూస్తాడు. ఏజెంట్ మన వాక్యాన్ని చదివి, నేరుగా అసలు టికెట్ మీద చెయ్యి వేస్తుంది.

అందుకే ముందుగా "లేబుల్ ఎడిట్" అనే మాటను విడదీయాలి. ఒక టికెట్ మీద ఉన్న లేబుల్‌ను తీయడం ఒక పని. లేబుల్ పేరునో రంగునో మార్చి, అది అంటించి ఉన్న టికెట్లన్నిటి మీదా ప్రభావం చూపడం వేరే పని. రెండింటినీ ఒకే టూల్‌లో పెట్టి వివరణతో సర్దుకుందామని నేను కొన్నాళ్లు పట్టుబట్టాను. అది వృథా శ్రమ. రెండు టూళ్లు చేసి, "టికెట్ లేబుళ్లు మార్చు", "లేబుల్ పేరు మార్చు" అని పేర్లలోనే తేడా కనిపించేలా పెట్టడం మేలు.

తర్వాత చెప్పవలసింది, ఇచ్చిన జాబితా పాతదాని స్థానంలోకి వస్తుందా, పాతదానికి చేరుతుందా అన్నది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఇష్యూ (పని టికెట్) లేబుళ్లకు, సర్వర్‌కు పంపే అభ్యర్థనలో పోస్ట్ పద్ధతి వాడితే కొత్తవి చేరతాయి, పుట్ వాడితే పాతవన్నీ పోయి కొత్తవే మిగులుతాయి. తేడా అంతా ఒక్క క్రియలో ఉంటుంది. మా టూల్‌లో పూర్తి జాబితాను తీసుకోవడం మానేసి, "చేర్చవలసినవి", "తీయవలసినవి" అని రెండు జాబితాలు పెట్టాం. దీనివల్ల మరో లాభం కూడా ఉంది: ఏజెంట్ టికెట్‌ను చదివిన తర్వాత, రాయడానికి ముందు వేరొకరు అతికించిన లేబుల్ కొట్టుకుపోదు. ఇప్పుడు మా వివరణ ఇలా ఉంది:

"ఒక టికెట్‌కు లేబుళ్లను చేరుస్తుంది లేదా తీస్తుంది. పేర్కొనని లేబుళ్లు యథాతథంగా ఉంటాయి. కొత్త లేబుల్‌ను సృష్టించదు. ముందు లేబుళ్ల జాబితా టూల్‌తో ఐడీ తెలుసుకోవాలి. సరిపోయే లేబుల్ లేకపోతే వాడుకరిని అడగాలి. లేబుల్ పేరు మార్చడానికి ఈ టూల్‌ను వాడకూడదు."

సృష్టించదన్న మాట ఊరికే రాయలేదు. మా వాడుకరుల్లో తెలుగువారు "అత్యవసరం" అనీ, గేటు దగ్గరి కన్నడ సిబ్బంది "తుర్తు" అనీ, మిగతావారు "అర్జెంట్" అనీ అంటారు. అడ్డు చెప్పకపోతే ఒకే అర్థానికి మూడు లేబుళ్లు తయారవుతాయి.

పేరుకు బదులు ఐడీ అడగడానికి తెలుగు లిపి ఇంకొక కారణం ఇచ్చింది. "లిఫ్ట్‌లో" అని టైపు చేసి చివరి "లో" చెరిపేస్తే, మధ్యలో ఉన్న కనిపించని అక్షరం, అంటే యూనికోడ్‌లో 200సి సంఖ్య గల జీరో విడ్త్ నాన్ జాయినర్, పదం చివర మిగిలిపోవచ్చు. కంటికి రెండు "లిఫ్ట్"లూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు పద్ధతులను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ సాధారణీకరణ కూడా దాన్ని తొలగించదు కాబట్టి, పేరు చివరన మిగిలినదాన్ని సర్వర్‌లో విడిగా తుడవాలి. పేర్ల నియమాలు ఉంటే అవి కూడా స్కీమాలోనే చెప్పాలి. ఉదాహరణకు పనులను నమోదు చేసే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో లేబుల్ పేరులో ఖాళీ ఉండకూడదు.

ఎర్రర్ సందేశాలు కూడా వివరణలో భాగమే. "చెల్లని విలువ" అని ఊరుకుంటే ఏజెంట్ ఊహించి మళ్లీ ప్రయత్నిస్తుంది. "ఈ ఐడీతో లేబుల్ లేదు, దగ్గరగా ఉన్నవి ట్యాంకర్, నీటి మోటారు" అని రాస్తే తర్వాతి అడుగు సరిగ్గా పడుతుంది. 2025 మార్చి నాటి ఎంసీపీ ప్రమాణంలో వచ్చిన సూచనలు, అంటే చెరిపే స్వభావం ఉందా, మళ్లీ పిలిచినా ఫలితం మారదా అని చెప్పేవి, తప్పక నింపాలి. కానీ అవి సూచనలే తప్ప తాళాలు కావు. అనుమతుల తనిఖీ సర్వర్‌లోనే జరగాలి.

వివరణలో ఒక్క పదం మార్చినా, వాడుకరులు నిజంగా టైపు చేసిన అభ్యర్థనలను మళ్లీ నడిపి చూడాలి. మా జాబితాలో చివరిది "ఆ ట్యాంకర్ లేబుల్ తీసేయ్". అందులో ఏ టికెట్టో లేదు, ఒక్క టికెట్ నుంచా, మొత్తం లేబులేనా అన్నదీ లేదు. ఏజెంట్ ఏ టూల్‌నూ పిలవకుండా ఎదురు ప్రశ్న వేస్తేనే ఆ పరీక్ష నెగ్గినట్టు రాసుకుంటాం.