పాత జిప్సీ కార్బొరేటర్: రీబిల్డ్ తర్వాత ట్యూనింగ్ ఎలా చేయాలి?

కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పి, కడిగి, కొత్త గ్యాస్కెట్ల కిట్ వేసి బిగించగానే మిక్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది) మీద పడకండి. మారుతి జిప్సీ ఎంజీ410లో, అదే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లతో స్పార్కు ఇచ్చే 970 సీసీ బండిలో, అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. దాన్ని మొదట తిప్పడం వల్లే మంచి కార్బొరేటర్లు కూడా పాత సామాన్ల కొట్టుకు చేరుతున్నాయి.

సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు), ఆర్‌పీఎం మీటర్, టైమింగ్ లైట్ చాలు. పని ఆరుబయట చేయండి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి.

ముందుగా ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీ) సరిచూడండి. పాయింట్ల గ్యాప్ 0.4–0.5 మి.మీ., ప్లగ్గుల గ్యాప్ 0.7–0.8 మి.మీ. పెట్టండి. స్పార్కు టైమింగ్ బండి మాన్యువల్‌లో చెప్పినట్టే ఉండాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా కార్బొరేటర్ జోలికి పోవద్దు.

తర్వాత ఫ్లోట్ లెవెల్, అంటే కార్బొరేటర్ గిన్నెలో తేలే ఫ్లోట్ నిలబెట్టే పెట్రోలు మట్టం. బండి సమతలంగా ఉండి, ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నడుస్తుండగా, కార్బొరేటర్ పక్కనున్న చిన్న అద్దంలో పెట్రోలు గుండ్రటి గుర్తుకు సరిగ్గా మధ్యలో కనిపించాలి. రోడ్డు మీద తిరిగే బండికి కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. కొండ ఎక్కే బండికి కుదరదు: లెవెల్ ఎక్కువైతే ఏటవాలులో పెట్రోలు పొంగి లోపలికి దిగి, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. లెవెల్ ఎక్కువగా ఉందని వెంటనే ఫ్లోట్ నాలుక వంచకండి. ముందు గిన్నెలోకి పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వు కింద నలుసు ఇరుక్కుందేమో చూడండి.

ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, పైనుంచి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ ఒక్కసారి లాగండి. పెట్రోలు గట్టి ధారగా చిమ్మాలి. చుక్కలుగా కారితే కార్బొరేటర్‌లోని యాక్సిలరేటర్ పంపు పని చేయడం లేదన్నమాట. పికప్‌లో వచ్చే తడబాటుకు కారణం అక్కడుంది, మిక్చర్ స్క్రూలో లేదు.

కార్బొరేటర్ అడుగు గ్యాస్కెట్ దగ్గర, వ్యాక్యూమ్ పైపుల చివర్లలో గాలి లాగుతోందేమో చూడటానికి ఐడిల్‌లో నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారిన చోటే లీకు. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద ఆ పని చేయకూడదు.

ఇక మిక్చర్ స్క్రూ. ఇక్కడ తొందర పనికిరాదు. ఇంజిన్ ఆపి, స్క్రూను రెండు వేళ్లతో లోపలికి తిప్పండి. తగిలీ తగలగానే ఆపేయాలి. గట్టిగా బిగిస్తే సూదిలాంటి దాని మొనకు గాడి పడుతుంది. మొన చెడిన స్క్రూతో ఐడిల్ ఎప్పటికీ కుదరదు. అక్కడి నుంచి రెండున్నర చుట్లు వెనక్కి తిప్పి స్టార్ట్ చేయండి.

ఇంజిన్‌ను నిలబెట్టి వేడి చేయడం కాదు, పది కిలోమీటర్లు నడిపి రండి. చౌక్ పూర్తిగా తెరుచుకుని ఉండాలి. లైట్లు, ఏసీ ఉంటే అదీ ఆపేయండి. ఐడిల్ స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు బయటికి తిప్పి పది సెకన్లు ఆగండి. ఆగకుండా తిప్పేవాళ్లకు ఇంజిన్ ఏం చెబుతోందో వినపడదు. ఆర్‌పీఎం పెరిగితే మరో పావు చుట్టు. ఇక పెరగడం లేదన్న చోట ఆగి, ఐడిల్ స్క్రూతో మళ్లీ 900కు దించండి. ఇలా రెండు మూడుసార్లు చేశాక, ఆర్‌పీఎం ఏ కొంచెమో తగ్గేదాకా మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పి వదిలేయండి. చివరి ఐడిల్ 800–900 మధ్య ఉండాలి. స్క్రూ ఎంత తిప్పినా ఇంజిన్‌లో మార్పు లేకపోతే స్లో జెట్ (ఐడిల్‌కు పెట్రోలు ఇచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు. కార్బొరేటర్ మళ్లీ విప్పాల్సిందే.

సైలెన్సర్ పొగ వాసన చూసి సెట్ చేసే పద్ధతిని నమ్మకండి. మైలేజీ కోసం స్క్రూ బిగించే అలవాటు ఇంకా చెడ్డది. ఈ స్క్రూ పని ఐడిల్, ఆపైన కాస్త వరకే. రోడ్డు మీద వేగంలో పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్. స్క్రూ బిగిస్తే మైలేజీ రాదు, ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపలాడుతుంది. పైగా ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుతో మిశ్రమం మామూలుగానే పలచబడుతుంది (గాలి పాలు ఎక్కువవుతుంది) కాబట్టి, ఒకప్పుడు సరిపోయిన సెట్టింగుకు ఇప్పుడు ఇంకాస్త బయటికి తిప్పాల్సి రావచ్చు.

కొత్త గ్యాస్కెట్ అణుగుతుంది. 200–300 కి.మీ. తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అడుగు నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకే మూల గట్టిగా బిగిస్తే అడుగుభాగం వంగి, గాలి లీకు మళ్లీ మొదలవుతుంది.