ప్లాంట్‌లో సాల్వెంట్లు, 4వ పాఠం: టోల్యూన్ డ్రమ్ములో ఖాళీ జాగా

పోయిన పాఠంలో ఫ్లాష్ పాయింట్ చెప్పాక ఎక్కువమంది అడిగింది ఒకటే: "టోల్యూన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలైతే, మే నెలలో విశాఖ దగ్గరి పరవాడలో డ్రమ్ములన్నీ వాటంతటవే అంటుకోవాలి కదండీ?" అంటుకోవు. వాటంతటవే అంటుకోవాలంటే దాదాపు 480 డిగ్రీలు కావాలి, అది ఆటో ఇగ్నిషన్. 4 డిగ్రీలంటే, నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేంత ఆవిరి ద్రవం పైన అప్పటికే తయారైందని, అంతవరకే. రంగు, వాసన, థిన్నర్లలో వాడకం మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

నాకు చిరాకు తెప్పించేది ఇంకో మాట: "మరిగేది 110కి కదా, చల్లగా ఉంటే ఆవిరెక్కడిది?" తడిబట్ట మరిగే ఆరుతోందా! లెక్క చూడండి. 30 డిగ్రీల దగ్గర టోల్యూన్ ఆవిరి పీడనం సుమారు 37 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కన). నేనైతే సూటిగా వాతావరణ పీడనం 760తో భాగించేస్తా, దాదాపు 4.9 శాతం వస్తుంది. గాలిలో మండే హద్దులు సుమారు 1.1 నుంచి 7.1 శాతం. అంటే మూతపెట్టిన సగం డ్రమ్ములో, పైనున్న ఖాళీలో, గాలీ ఆవిరీ సరిగ్గా పేలే పాళ్లలో కలిసి ఉన్నాయి. అదే అసిటోన్ 20 డిగ్రీలకే 24 శాతం దాకా పోతుంది, దాని పై హద్దు 13 దగ్గర, కాబట్టి లోపల మండటానికి గాలి చాలదు. అలాగని అసిటోన్ సేఫ్ అని రాసుకోకండి, డ్రమ్ము మూతి దగ్గర గాలి కలవగానే మళ్లీ మండే పాళ్లలోకి వస్తుంది.

పైగా టోల్యూన్‌లో కరెంటు సరిగా పారదు. పైపులో వేగంగా పోయినా, పైనుంచి ధారగా పడినా పుట్టే స్టాటిక్, ఎర్తింగ్ ఉన్నా కాసేపు ద్రవంలోనే ఉండిపోతుంది. అందుకే ముందు గాలిని తరిమేయడానికి నైట్రోజన్, తర్వాత బాండింగ్ (డ్రమ్మునీ రియాక్టర్‌నీ తీగతో కలపడం), ఆపైన అడుగుదాకా దిగే డిప్ పైప్‌తో నెమ్మదిగా నింపడం. టోల్యూన్ ఉన్న రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి ప్లాస్టిక్ బ్యాగుతో పౌడర్ కుమ్మరించడం నాకు అస్సలు నచ్చదు.

మరి మానేయొచ్చుగా అంటే, రియాక్షన్‌లో నీళ్లు లాగడానికి ఇది మంచి సాల్వెంట్. నీటితో కలిసి 85 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చల్లబడగానే విడిపోతుంది, కింది నీళ్లు తీసేసి పైదాన్ని వెనక్కి పంపేయొచ్చు.

అభ్యాసం: టోల్యూన్‌కి, 10 ఆధారంగా లాగ్ పీడనం = 6.955 − 1344.8 ÷ (219.48 + ఉష్ణోగ్రత); పీడనం పైన చెప్పిన మిల్లీమీటర్లలో, ఉష్ణోగ్రత సెల్సియస్‌లో. డ్రమ్ములో ఆవిరి 7.1 శాతం దాటేది ఎన్ని డిగ్రీల దగ్గర? ఆ తర్వాత హెప్టేన్‌కీ ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)కీ ఈ సూత్రంలోని మూడు స్థిరాంకాలు మీరే వెతుక్కుని, 5 నుంచి 45 దాకా ఐదేసి డిగ్రీలకు పట్టిక వేయండి, మీ స్టోర్‌లో జనవరి తెల్లవారుజామున, మే మధ్యాహ్నం ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో దాని మీదే గుర్తుపెట్టండి.